స్పీచ్ థెరపీనా, ఆడియాలజీనా: సీటు తీసుకునే ముందు

"ఫిజిక్స్ బాగా వస్తే ఆడియాలజీ తీసుకో, భాషలంటే ఇష్టమైతే స్పీచ్ తీసుకో." వినికిడి సమస్యలు చూసేది ఆడియాలజీ, మాట సమస్యలు చూసేది స్పీచ్ థెరపీ. ఈ కోర్సుల గురించి ఎవరిని అడిగినా ముందు వచ్చే సలహా ఇదే. నాకూ ఇదే చెప్పారు. రెండూ చదివి, రెండు క్లినిక్‌లలోనూ పనిచేశాక ఆ మాట సగమే నిజమని తెలిసింది. స్పీచ్ వైపు వెళ్లినవాళ్లకు ధ్వని తరంగాలు తప్పవు, ఆడియాలజీ వైపు వెళ్లినవాళ్లకు భాష తప్పదు. అసలు తేడా వేరే చోట ఉంది. చేసిన పనికి ఫలితం ఎంతసేపట్లో కనబడితే మీకు తృప్తిగా ఉంటుంది? గంటలోనా, ఆరు నెలలకా? నేనైతే ముందు ఈ ప్రశ్న వేసుకోమంటాను.

ఆడియాలజీ గదిలో ఒక ఉదయం ఎలా గడుస్తుందో చెబుతాను. బయటి చప్పుడు రాని గదిలో చిన్న కుర్చీ మీద నాలుగేళ్ల పాప కూర్చుంది. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో రంగు చెక్కముక్క. శబ్దం వినబడగానే ముక్కను డబ్బాలో వేయాలి, అదీ ఆట. మొదట గట్టిగా వినిపించి ఆట నేర్పుతాం. వినబడినప్పుడల్లా పది డెసిబెల్స్ తగ్గిస్తాం, వినబడకపోతే ఐదు పెంచుతాం. శబ్దం బాగా సన్నగిల్లాక పాప చెయ్యి గాల్లోనే ఆగిపోతుంది. కళ్లు పైకెత్తి, ఊపిరి బిగపట్టి వింటుంది. ముక్క టక్కున డబ్బాలో పడుతుంది. ఇలా 250 హెర్ట్జ్ నుంచి 8000 హెర్ట్జ్ దాకా, ఒక్కో చెవికీ విడివిడిగా చేస్తాం. పిల్ల సహకరిస్తే గంటలోపే చేతికి ఒక గ్రాఫ్ వస్తుంది. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు.

ఆ గ్రాఫ్ చూస్తే పాపకు ఏ శబ్దాలు అందుతున్నాయో, ఏవి జారిపోతున్నాయో చెప్పొచ్చు. హై ఫ్రీక్వెన్సీల దగ్గర గీత కిందికి దిగిందంటే 'స', 'శ' లాంటివి చేజారుతున్నట్టు. అచ్చులు మాత్రం బాగానే వినబడుతుంటాయి. అందుకే ఇంట్లోవాళ్లు "పిలిస్తే పలుకుతుంది కదండీ, చెవుల్లో లోపమేంటి?" అంటారు. పిలుపు వినబడటం వేరు, మాట పూర్తిగా అందడం వేరు అని ఆ కాగితం చూపించి నచ్చజెప్పడం ఈ ఉద్యోగంలో పెద్ద భాగం.

ఇప్పుడు పక్క గదిలోకి రండి. ఐదేళ్ల బాబు 'కాకి' బొమ్మ చూసి 'తాతి' అంటాడు. నాలుక వెనకభాగం లేవాల్సిన చోట కొస లేస్తోంది. నేనూ కావాలనే "ఇది తాతి కదా?" అంటే వాడికి కోపం వచ్చి "కాదు, తాతి!" అని నన్నే సరిదిద్దుతాడు. నేను అన్నది తప్పని వాడికి తెలుసు, తను అన్నది మాత్రం వాడి చెవికి 'కాకి' లాగే ఉంది. పని అక్కడ మొదలవుతుంది. ముందు ఆ రెండు శబ్దాల తేడా పట్టించాలి, తర్వాత విడిగా 'క' రప్పించాలి, తర్వాత మాటలో, తర్వాత వాక్యంలో. గదిలో పదిసార్లు 'కాకి' అని స్పష్టంగా అన్న పిల్లాడు గుమ్మం దాటగానే వాళ్లమ్మతో "తాతి బొమ్మ చూశా" అంటాడు. గదిలో వచ్చిన శబ్దం ఇంట్లో, ఆటలో, బడిలో కూడా నిలవడానికి నెలలు పట్టొచ్చు.

పెద్దవాళ్లతో ఇంకా నెమ్మది. పక్షవాతం వచ్చి మాట పోయిన ఒకాయనకు తాళంచెవి చూపించాను. పేరు రాలేదు. పెదవులు కదిపాడు, కళ్లు మూసుకున్నాడు, చివరికి గాల్లో చెయ్యి తిప్పి తాళం తీసినట్టు చూపించాడు. వస్తువు తెలుసు, దాంతో ఏం చేస్తారో తెలుసు, పేరు ఒక్కటే అందడం లేదు. అదే మనిషి ఒకటి నుంచి పది దాకా గడగడా లెక్కపెట్టాడు, పాత పాట అందిస్తే పల్లవి మొత్తం పాడాడు. ఇలా పాట మిగిలి మాట పోవడం చూసే 1973లో స్వరం ఆసరాగా మాట రప్పించే మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీని తయారుచేశారు. అంతకు వందేళ్ల ముందే, 1861లో, పాల్ బ్రోకా అనే ఫ్రెంచి వైద్యుడు 'టాన్' అనే ఒక్క మాట తప్ప ఏదీ పలకలేని రోగి మెదడును పరిశీలించి, ఎడమవైపు ముందుభాగంలో దెబ్బ ఎక్కడుందో చూపించాడు. ఈ రంగంలో మొదటి ఏడాది నుంచే ఆ కథ వింటారు. రోగి ముందు కూర్చున్నప్పుడు తెలిసేది మాత్రం ఇంకొకటి: వారానికి రెండుసార్లు చొప్పున మూడు నెలలు కూర్చుంటే నాలుగు కొత్త మాటలు వచ్చిన రోజులూ ఉంటాయి. ఆ నాలుగు మాటలకు మీ మనసు నిజంగా ఉప్పొంగుతుందా, లేక ఇంతేనా అని నీరసపడుతుందా? నీరసపడటం తప్పేమీ కాదు. మీకు ఏ పని నప్పుతుందో అది చెబుతోందంతే.

ఇలా గీత గీసినంత మాత్రాన ఆడియాలజీ అంతా చకచకా అయిపోతుందనుకోవద్దు. చెవిలో ఎప్పుడూ హోరు వినబడే టినిటస్ రోగికి గంటలో చెప్పే జవాబు ఉండదు. మొదటిసారి వినికిడి యంత్రం పెట్టుకున్న పెద్దాయన "గిన్నెల చప్పుడు భరించలేకపోతున్నా" అంటూ నాలుగైదుసార్లు వస్తాడు. ఎన్నో ఏళ్లుగా ఆ శబ్దాలు అందని మెదడుకు అవన్నీ కొత్త మరి. అటువైపు స్పీచ్‌లోనూ అదే రోజు తేలే పనులుంటాయి. అవేంటో చాలామంది విద్యార్థులకు సీటు వచ్చేదాకా తెలియదు కాబట్టి వాటి గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

ఎవరూ ముందుగా చెప్పని సగం

స్పీచ్ చదివేవాళ్లు మింగడం గురించి చదవాలి. అవును, ఆహారం మింగడమే. గొంతులో గాలిదారి, ఆహారదారి పక్కపక్కనే ఉంటాయి. మాటకు వాడే కండరాల్లో చాలావరకు మింగడానికీ అవే. పక్షవాతం వచ్చినవాళ్లలో, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. కొందరికి నీళ్లు దారి తప్పినా దగ్గు కూడా రాదు, అందుకే పైకి చూసి కనిపెట్టలేం. ఎక్స్‌రేలో కనబడే బేరియం కలిపిన ఆహారం ఇచ్చి, మింగుతుండగా ఎక్స్‌రే వీడియో తీస్తారు. గుటక ఎటు వెళ్తోందో స్క్రీన్ మీద కనబడుతుంది. ఆ రోగి ఆ పూట నోటితో తినొచ్చా, ట్యూబ్ ఉంచాలా అనే నిర్ణయంలో మీ మాటకు బరువుంటుంది. పిల్లలతో కబుర్లు చెప్పే ఉద్యోగం అనుకుని చేరిన నా క్లాస్‌మేట్ ఒకమ్మాయి మొదటిసారి ఐసీయూలో అడుగుపెట్టినప్పుడు వణికిపోయింది. తర్వాత అదే ఆమెకు ఇష్టమైన పని అయింది. అందరికీ అలా అవుతుందని చెప్పలేను. రక్తం, ట్యూబులు, తెమడ చూస్తే మీకు నిజంగా కుదరదనుకుంటే ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి.

ఆడియాలజీలో ఇలాంటిదే తలతిరుగుడు. వినికిడి అవయవం, శరీరం తూలకుండా నిలబెట్టే అవయవం రెండూ లోపలి చెవిలోనే ఉన్నాయి. మంచం మీద పక్కకు ఒత్తిగిలగానే గది గిర్రున తిరుగుతోందని వచ్చేవాళ్లలో చాలామందికి కారణం ఒకటే: లోపలి చెవిలోని సూక్ష్మమైన కాల్షియం స్ఫటికాలు చోటు తప్పి అర్ధవలయ నాళాల్లోకి జారడం. తలను ఒక క్రమంలో తిప్పితే అవి మళ్లీ చోటికి చేరతాయి. జాన్ ఎప్లీ అనే వైద్యుడి పేరు మీద ఆ పద్ధతిని ఎప్లీ మెనూవర్ అంటారు. తల తిప్పుతున్నప్పుడు రోగి కనుగుడ్లు ఎటు కొట్టుకుంటున్నాయో గమనిస్తూ చేయాలి. వారాల తరబడి గోడ పట్టుకుని నడిచిన మనిషి కొన్ని నిమిషాల్లో మామూలుగా లేచి నిలబడితే మనకు కలిగే ఆనందం స్పీచ్ గదిలో దొరకడం అరుదు.

నవజాత శిశువుల వినికిడి పరీక్ష కూడా ఆడియాలజీ చేతిలోదే. చెవి శబ్దం వింటుందని అందరికీ తెలుసు, ఆరోగ్యంగా ఉన్న చెవి సన్నటి శబ్దం బయటికి పంపుతుందని 1978లో డేవిడ్ కెంప్ కనిపెట్టాడు. నిద్రపోతున్న పసిగుడ్డు చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి ఆ ప్రతిధ్వనిని కొలుస్తాం. నెల లోపు స్క్రీనింగ్, మూడో నెల లోపు నిర్ధారణ, ఆరో నెల లోపు చికిత్స మొదలవ్వాలన్నది ఈ రంగం పెట్టుకున్న లక్ష్యం. ఆ గడువు దాటితే నష్టపోయేది భాష. అందుకే పిల్లల విషయంలో రెండు రంగాలనూ విడదీయలేం.

చదువులో ఏది కష్టం

అనాటమీ, ఫొనెటిక్స్, ధ్వనిశాస్త్రం, సైకాలజీ, స్టాటిస్టిక్స్ రెండింటికీ ఉమ్మడే. డెసిబెల్ దగ్గర చాలామందికి టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే అది మామూలు కూడికల్లో నడవదు. 30 డెసిబెల్స్ కంటే 60 డెసిబెల్స్ రెట్టింపు కాదు, ధ్వని తీవ్రతలో వెయ్యి రెట్లు. లాగరిథమ్ అంటే భయం ఉంటే ఒక్క నెల కూర్చుని వదిలించుకోండి. ఆడియాలజీలో తర్వాత వచ్చే వినికిడి యంత్రాల ఫిట్టింగ్ అంతా దీని మీదే నడుస్తుంది. శబ్దం వల్ల లోపలి చెవిలోని పొర మీద అల ఎలా పాకుతుందో కనిపెట్టినందుకు 1961లో నోబెల్ అందుకున్న బెకెషీ టెలిఫోన్ పరిశోధన నుంచి వచ్చిన భౌతికశాస్త్రవేత్త. స్పీచ్‌లో లెక్కలు తక్కువ, కానీ చదవాల్సింది, రాయాల్సింది చాలా ఎక్కువ. పిల్లల భాషా వికాసం, ఆటిజం, నత్తి, గొంతు సమస్యలు, అంగిలి చీలిక, మెదడు దెబ్బలు, ఒక్కోటీ ఒక్కో లోకం. రిపోర్టులు రాయడం ఇష్టం లేనివాళ్లు ఇక్కడ ఇబ్బంది పడతారు.

భాష మీద పట్టు రెండింటికీ కావాలని ముందే అన్నాను. ఎందుకో చెబుతాను. ఆడియాలజీలో శబ్దాలతో పాటు మాటలు వినిపించి తిరిగి చెప్పించే పరీక్ష ఉంటుంది. రాని భాషలో మాటలు వినిపిస్తే తప్పు చెవిదో భాషదో తేలదు. 'పాప', 'బాబ', 'మామ' పెదవుల మీద ఒకేలా కనిపిస్తాయి, కాబట్టి పెదవులు చూసి గ్రహించేవాళ్లు ఎక్కడ తడబడతారో తెలిసి ఉండాలి. స్పీచ్‌లో ఇది ఇంకా కీలకం. ఇంగ్లిష్ పిల్లల కోసం తయారైన పరీక్షను తెలుగు పిల్లల మీద యథాతథంగా వాడితే 'కల', 'కళ' తేడా అది అడగదు, 'గడి', 'గడ్డి' తేడా అడగదు. 'కారు'ను 'కాలు' అనే మూడేళ్ల పిల్లాడిని చూసి కంగారుపడక్కర్లేదు, 'ర' కాస్త ఆలస్యంగా కుదిరే శబ్దం. ఏ వయసుకు ఏది సహజమో ఆ భాషలోనే తెలిసినవాళ్లు కావాలి. ఇంట్లో రెండు భాషలు వింటే మాట ఆలస్యమవుతుందని, ఒకటి మానేయమని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. రెండు భాషల వల్ల భాషాలోపం రాదని పరిశోధనలు తేల్చాయి. ఈ తప్పు సలహా వల్ల అమ్మమ్మలతో మాట్లాడే భాష పోగొట్టుకున్న పిల్లలను చూశాను, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

దారులు దేశాన్ని బట్టి

ఇక్కడ ఎంపిక మీ చేతిలో ఎంత ఉందో మీరు చదవబోయే దేశం నిర్ణయిస్తుంది. భారత్‌లో బీఏఎస్‌ఎల్‌పీ అనే నాలుగేళ్ల డిగ్రీలో రెండూ కలిపి నేర్పుతారు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. విడివిడి మాస్టర్స్ ఆ తర్వాత. అమెరికాలో బ్యాచిలర్స్ దాకా ఉమ్మడిగా ఉండొచ్చు కానీ పని చేయాలంటే స్పీచ్‌కు మాస్టర్స్, ఆడియాలజీకి ఏయూడీ అనే డాక్టరేట్, అది సాధారణంగా నాలుగేళ్లు. అక్కడ స్పీచ్ సర్టిఫికేషన్‌కు 400 గంటల క్లినికల్ అనుభవం అడుగుతారు, అందులో 25 గంటలు చూసి నేర్చుకోవడం. బ్రిటన్‌లో రెండూ మొదటి నుంచే వేరు వేరు డిగ్రీలు.

అవకాశం ఉంటే పద్దెనిమిదేళ్ల వయసులో ఉమ్మడి డిగ్రీనే ఎంచుకోమంటాను. కారణం నా అనుభవమే. ఆడియాలజీ తప్ప ఏదీ వద్దనుకుని చేరినదాన్ని, మూడో ఏట అఫేసియా వార్డులో, అంటే మెదడు దెబ్బతిని మాట పోయినవాళ్ల దగ్గర, కూర్చున్నాక నా మనసు మారింది. మొదటే వేరు చేసిన డిగ్రీలో ఉంటే మళ్లీ మొదటి నుంచి చదవాల్సి వచ్చేది. ఉమ్మడి డిగ్రీకి ఒక లోటు మాత్రం ఉంది: రెండిట్లోనూ లోతు తక్కువ. ఇప్పటికే వేరే డిగ్రీ, ఉద్యోగానుభవం ఉండి ఏం కావాలో తేల్చుకున్నవాళ్లు నేరుగా ఒకే దారి పట్టడం మేలు. వేరే దేశం వెళ్లి పనిచేయాలనే ఆలోచన ఉన్నవాళ్లు అక్కడి కౌన్సిల్ మీ డిగ్రీని గుర్తిస్తుందో లేదో ఫీజు కట్టకముందే కనుక్కోండి. కట్టాక తెలిస్తే చేయగలిగింది తక్కువ.

యూనివర్సిటీని ఎలా చూడాలి

బిల్డింగులు, ర్యాంకులు పక్కన పెట్టి, చివరి ఏడాది చదివే ఇద్దరిని పట్టుకుని అడగండి: "పోయిన నెలలో నీ చేత్తో ఎంతమందిని చూశావు? పక్కన సీనియర్ ఉన్నారా, లేక వదిలేశారా?" ఈ రెండు ప్రశ్నలకు వచ్చే జవాబు మొత్తం ప్రాస్పెక్టస్ కంటే విలువైంది. పేషెంట్లు ఎక్కువ, నేర్పేవాళ్లు లేని చోట తప్పులే అలవాటవుతాయి. చూసి సరిదిద్దే మనిషి పక్కన ఉండటం ఎంత అవసరమో నాకు బాగా తెలుసు. రెండో ఏట ఒకరోజు హడావుడిలో ఎర్ర హెడ్‌ఫోన్ ఎడమ చెవికి, నీలంది కుడి చెవికి పెట్టేశాను. ఎరుపు కుడి, నీలం ఎడమ అన్నది మొదటి వారం నేర్పే పాఠం. గ్రాఫ్ శుభ్రంగా వచ్చింది, కాకపోతే చెవులు తారుమారయ్యాయి. "ఫోన్ ఏ చెవితో మాట్లాడతారు?" అని మా మేడమ్ ఆ రోగిని అడిగింది. ఆయన చూపించింది గ్రాఫ్ ప్రకారం వినబడని చెవిని. మేడమ్ అలా అడగకపోతే బాగున్న చెవికి వినికిడి యంత్రం పెట్టి పంపేవాళ్లం.

ఆడియాలజీ ప్రధానంగా చూస్తున్నవాళ్లు సౌండ్ రూములు ఎన్ని, పరికరాలకు ఏటా కాలిబ్రేషన్ (కొలతలు సరిచూడటం) జరుగుతోందా, తలతిరుగుడు పరీక్షల ల్యాబ్ ఉందా అని అడగాలి. స్పీచ్ వైపు చూస్తున్నవాళ్లకు హాస్పిటల్ వార్డులతో సంబంధం ఉండటం చాలా ముఖ్యం. కొన్ని చోట్ల పిల్లల కేసులు తప్ప ఏవీ రావు, అక్కడ చదివితే పక్షవాతం, మింగుడు సమస్యలు పుస్తకంలోనే మిగిలిపోతాయి.

ఉద్యోగంలో ఎదురయ్యేవి

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం వినికిడి లోపానికి పునరావాస సేవలు అవసరమైనవాళ్లు 43 కోట్లకు పైగా ఉన్నారు, 2050 నాటికి 70 కోట్లు దాటొచ్చు. పని లేకుండా పోతుందనే భయం అక్కర్లేదు, రెండింటికీ. ఇబ్బందులు మాత్రం వేరు. ఆడియాలజీలో కొన్ని చోట్ల నెలకు ఇన్ని యంత్రాలు అమ్మాలని టార్గెట్ పెడతారు. నా మొదటి ఉద్యోగంలో అదే ఎదురైంది. చెవిలో గులిమి తీస్తే సరిపోయే మనిషికి కూడా ఖరీదైన మెషిన్ చూపించమన్నారు, ఐదు నెలలకు మానేశాను. ఇంటర్వ్యూలోనే జీతం దేని మీద లెక్కకడతారో అడగండి.

స్పీచ్‌లో ఒత్తిడి వేరే రకం. "మా బాబు ఎప్పుడు మాట్లాడతాడు?" అని ప్రతి వారం అదే తల్లి అడుగుతుంది. తారీఖు చెప్పలేం. బొమ్మల బోర్డుతోనో, ట్యాబ్‌తోనో పిల్లాడు మొదటిసారి "నీళ్లు కావాలి" అని తెలియజేస్తే మనకు పెద్ద విజయం, ఆవిడకు అది మాట కాదు. ఆ మధ్యలో నిలబడగలగాలి. సౌలభ్యం మాటకొస్తే స్పీచ్‌కు వీడియో కాల్‌లో చాలా పని జరుగుతుంది, సొంతంగా మొదలుపెట్టడానికి ఒక గది చాలు. ఆడియాలజీకి పరికరాలు, సౌండ్ రూము కావాలి.

రెండూ వదులుకోలేనివాళ్లకు కోక్లియర్ ఇంప్లాంట్ల విభాగం ఉంది. లోపలి చెవిలో ఎలక్ట్రోడ్లు అమర్చి, వినికిడి నాడికి నేరుగా కరెంట్ సంకేతాలు పంపే పరికరం ఇది. వినికిడి లోపం ఉన్న తండ్రిని చూస్తూ పెరిగిన గ్రేమ్ క్లార్క్ 1978లో మెల్‌బోర్న్‌లో మల్టీ ఛానెల్ ఇంప్లాంట్ అమర్చాడు. ఆపరేషన్ కొన్ని గంటల్లో ముగుస్తుంది. ఏ ఎలక్ట్రోడ్‌కు ఎంత కరెంట్ ఇవ్వాలో ఆడియాలజిస్టు మళ్లీ మళ్లీ సరిచేస్తారు, విన్నదాన్ని భాషగా మార్చే పని స్పీచ్ థెరపిస్టుతో ఏళ్లపాటు సాగుతుంది. ఇదే చోట మరో సంగతి కూడా నేర్చుకోవాలి: సైగల భాషతో నిండుగా బతికే బధిరుల సమాజాలు తమ స్థితిని లోపంగా చూడవు. ఆ మాట వినకుండా ఈ పనిలోకి రాకూడదని నా గట్టి నమ్మకం.

చివరగా, నన్ను తరచూ, కాస్త మొహమాటంగా అడిగే ప్రశ్న: "నాకే నత్తి ఉంది, నేను చేరొచ్చా?" "నేను వినికిడి యంత్రం వాడతాను, ఆడియాలజీ కుదురుతుందా?" కుదురుతుంది. పరీక్ష ఫలితాలు ఇప్పుడు ఎక్కువగా స్క్రీన్ మీద కనిపిస్తాయి. మాటలు విని అంచనా కట్టాల్సిన చోట మీకు ఏ సాయం కావాలో చేరేటప్పుడే డిపార్ట్‌మెంట్‌తో మాట్లాడుకోవాలి. నత్తి గురించి అడిగేవాళ్లకు నేను అయోవా యూనివర్సిటీ సంగతి చెబుతాను. స్పీచ్ పాథాలజీ (స్పీచ్ థెరపీ చదువుకు అక్కడి పేరు) అమెరికాలో ఒక చదువుగా వేళ్లూనుకున్న తొలి చోట్లలో అదొకటి. అక్కడ చదువుకుని ఈ రంగానికి పునాది వేసినవాళ్లలో వెండెల్ జాన్సన్, చార్లెస్ వాన్ రైపర్ ఉన్నారు. ఇద్దరికీ నత్తి ఉండేది.